కంచెకెంత? చేనుకెంత?
దేశ రక్షణ ఖర్చు - లెక్క తెలుసుకుందాం

చేను వేస్తాం. చేను చుట్టూ కంచె వేస్తాం. కంచె లేకపోతే ఏమవుతుంది? పశువులు పడి మేస్తాయి. అడవి పందులు తవ్వి పోస్తాయి. ఆరు నెలల కష్టం ఒక్క రాత్రిలో పోతుంది. అందుకే కంచెకు ఖర్చు పెట్టక తప్పదు.

మరి చేతిలో ఉన్న డబ్బంతా కంచెకే పెడితే? విత్తనాలకు ఉండదు. ఎరువుకు ఉండదు. కూలికి ఉండదు. కంచె గట్టిగానే ఉంటుంది. లోపల పంట ఉండదు.

దేశానికి కూడా కంచె కావాలి. ఆ కంచె సైన్యం. భూమి మీద సైన్యం, సముద్రం మీద నౌకాదళం, ఆకాశంలో వైమానిక దళం. ఈ మూడింటికీ ప్రభుత్వం ఏటేటా డబ్బు కేటాయిస్తుంది. దాన్నే రక్షణ ఖర్చు అంటారు.

ఈ ఖర్చు ఎంత? 1947 నుంచి ఎట్లా మారుతూ వచ్చింది? ఆ డబ్బు ఎవరిది? ఈ పాఠంలో తెలుసుకుందాం.

ఆ డబ్బు ఎవరిది?

"మనం పన్ను కట్టేవాళ్లమా? పన్నులు ఉద్యోగస్తులు, షావుకార్లు కడతారు" అని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. చెప్పులు కొంటాం. చీర కొంటాం. వంట పాత్ర కొంటాం. ఆ ధరలోనే పన్ను కలిసి ఉంటుంది. దుకాణంవాడు మన దగ్గర తీసుకుని ప్రభుత్వానికి కడతాడు. పెద్ద పెద్ద కంపెనీలు కట్టే పన్నులూ ఉన్నాయి. కూలి చేసుకునే ఆడమనిషి కట్టే పన్నూ ఉంది. అన్నీ కలిస్తేనే ప్రభుత్వం ఖజానా నిండుతుంది.

అంటే ఆ డబ్బులో మన చెమట కూడా ఉంది. కాబట్టి ఆ లెక్క తెలుసుకునే హక్కు మనకు ఉంది.

కోట్లను చూసి బెదరొద్దు

ప్రభుత్వం లెక్కలు కోట్లలో ఉంటాయి. కోటి అంటే వంద లక్షలు. వినగానే కళ్లు తిరుగుతాయి. దీనికి ఒక ఉపాయం ఉంది. ఏ లెక్కనైనా వంద రూపాయలలోకి మార్చుకోవాలి. "వంద రూపాయల్లో దీనికి ఎంత?" అని అడగాలి. దాన్నే శాతం అంటారు. వందకు 5 రూపాయలు అంటే 5 శాతం. అంతే.

ఇక్కడ రెండు రకాల వందలు ఉన్నాయి. తికమక పడకుండా చూద్దాం.

మన ఊళ్లో అన్ని ఇళ్లవాళ్లూ ఒక సంవత్సరంలో పండించిందీ, సంపాదించిందీ కలిపితే అది ఊరి సంపాదన. పంచాయతీ చేతిలో ఉండే డబ్బు వేరు. అది ఊరి సంపాదనలో చిన్న భాగం.

దేశం కూడా అంతే. దేశంలో అందరి సంపాదనా కలిపితే దేశ సంపాదన. ఢిల్లీలోని కేంద్ర ప్రభుత్వం ఏడాదిలో పెట్టే ఖర్చు వేరు. ఆ ఖర్చుకు ముందుగా వేసుకునే లెక్కే బడ్జెట్. ఇది దేశ సంపాదనలో ఒక భాగం మాత్రమే.

1947: వందకు 47 రూపాయలు

1947 ఆగస్టు 15న మనకు స్వతంత్రం వచ్చింది. ఆ ఏడాది నవంబరు 26న మొదటి బడ్జెట్ పెట్టారు. పెట్టింది అప్పటి ఆర్థిక మంత్రి షణ్ముఖం చెట్టి. అది ఏడున్నర నెలలకు వేసిన లెక్క. మొత్తం ఖర్చు సుమారు 197 కోట్ల రూపాయలు. అందులో రక్షణకు సుమారు 93 కోట్లు. అంటే వందకు 47 రూపాయలు. దాదాపు సగం!

ఎందుకు అంత? దేశం రెండుగా చీలింది. సైన్యాన్ని కూడా పంచుకోవాల్సి వచ్చింది. ఇల్లూ వాకిలీ వదిలి లక్షల మంది ఇటూ అటూ నడిచారు. ఆ అక్టోబరులోనే కాశ్మీరులో యుద్ధం మొదలయింది. మరుసటి ఏడాది, 1948 సెప్టెంబరులో, నిజాం పాలన కింద ఉన్న హైదరాబాదు రాజ్యంలోకి సైన్యం వచ్చింది. దానికి "పోలీసు చర్య" అని పేరు. నడిపించింది మాత్రం సైన్యమే. తెలంగాణ పల్లెల్లో పెద్దవాళ్లు ఆ రోజుల్ని చాలా కాలం చెప్పుకున్నారు.

తర్వాత కొన్నేళ్లు దేశం చేను మీద దృష్టి పెట్టింది. ఆనకట్టలు కట్టారు. ఫ్యాక్టరీలు పెట్టారు. మన నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరులో శంకుస్థాపన జరిగింది. ఆ రోజుల్లో దేశ సంపాదన వంద రూపాయలు అనుకుంటే రక్షణకు వెళ్లింది 2 రూపాయలకు అటూ ఇటూ.

1962: కంచె పలచబడితే

1962 అక్టోబరు 20న చైనాతో యుద్ధం వచ్చింది. నెల రోజులు జరిగింది. మన దేశం ఓడిపోయింది.

ఆ యుద్ధం జరిగింది మంచు కొండల మీద. మన జవాన్లలో చాలామందికి చలి దుస్తులు లేవు. నూలు బట్టలతో, గుడ్డ బూట్లతో కొండ ఎక్కారు. చేతిలో పాత కాలపు తుపాకులు. వెయ్యి మందికి పైగా జవాన్లు చనిపోయారు. వాళ్లు ధైర్యం లేక ఓడిపోలేదు. కావాల్సిన సరంజామా వాళ్లకు అందలేదు.

అప్పుడు దేశమంతా కదిలింది. ప్రభుత్వం జాతీయ రక్షణ నిధి పెట్టింది. ఆడవాళ్లు ఒంటి మీది బంగారం తీసి ఇచ్చారు. గాజులు ఇచ్చారు. గొలుసులు ఇచ్చారు. ఇందిరా గాంధీ కూడా తన నగలు ఇచ్చారు.

ఖర్చు ఒక్కసారిగా పెరిగింది. 1961-62లో రక్షణ ఖర్చు సుమారు 312 కోట్లు. 1963-64లో సుమారు 816 కోట్లు. రెండేళ్లలో రెండున్నర రెట్లు దాటింది! దేశ సంపాదన వందలో దాదాపు 4 రూపాయలు రక్షణకే పోయాయి.

ఆ బరువు బంగారం మీద కూడా పడింది. 1963 జనవరిలో కొత్త నిబంధన వచ్చింది. మేలిమి బంగారం 24 క్యారెట్లు. కొత్తగా చేసే నగలో 14 క్యారెట్లకు మించి ఉండకూడదు అన్నారు. ఎందుకంటే బంగారం విదేశాల నుంచి వస్తుంది. దానికి విదేశీ డబ్బు కావాలి. ఆయుధాలు కొనడానికి కూడా ఆ విదేశీ డబ్బే కావాలి. ఈ నిబంధన వల్ల ఎందరో కంసాలులకు పని పోయింది. 14 క్యారెట్ల నిబంధన కొన్నేళ్లకే సడలింది. కానీ బంగారం మీద ఆంక్షల చట్టం 1990 దాకా ఉంది.

సరిహద్దులో యుద్ధం జరిగింది. ఇక్కడ ఊళ్లో కంసాలి కుంపటి ఆరిపోయింది. రక్షణ ఖర్చు మన ఇంటికి ఎట్లా వస్తుందో చూశారా?

1965, 1971: మళ్లీ యుద్ధాలు

1965లో పాకిస్తాన్‌తో యుద్ధం జరిగింది. 1971 డిసెంబరులో మళ్లీ జరిగింది. ఆ యుద్ధంతో బంగ్లాదేశ్ అనే కొత్త దేశం ఏర్పడింది. యుద్ధానికి ముందే అక్కడి నుంచి సుమారు కోటి మంది మన దేశానికి పారిపోయి వచ్చారు. వాళ్లకు తిండి పెట్టాలి. నీడ చూపాలి. అందుకని 1971 నవంబరు నుంచి ఉత్తరాల మీద అదనంగా 5 పైసల బిళ్ల అంటించాలన్నారు. కొడుక్కి ఉత్తరం రాయించుకున్న తల్లి కూడా ఆ 5 పైసలు కట్టింది.

ఆ యుద్ధం మన తీరానికీ వచ్చింది. పాకిస్తాన్ జలాంతర్గామి "ఘాజీ" విశాఖపట్నం దగ్గర సముద్రంలో మునిగిపోయింది. నీళ్ల లోపల నడిచే ఓడను జలాంతర్గామి అంటారు. మన తూర్పు నౌకాదళానికి విశాఖపట్నమే కేంద్రం.

1980ల నుంచి: అప్పులు, అనుమానాలు

1980లలో ఖర్చు మళ్లీ పెరిగింది. 1984 నుంచి సియాచిన్ మంచు కొండ మీద మన జవాన్లు కాపలా ఉంటున్నారు. అక్కడికి బియ్యం, కిరసనాయిలు కూడా హెలికాప్టర్ల మీద చేరవేయాలి. కొత్త విమానాలు, ఓడలు కూడా కొన్నారు. 1980ల చివరలో దేశ సంపాదన వందలో రక్షణ వాటా మళ్లీ 4 రూపాయల దాకా పోయింది.

1986లో స్వీడన్ దేశంలోని బోఫోర్స్ కంపెనీ నుంచి 410 పెద్ద ఫిరంగులు కొనడానికి ఒప్పందం జరిగింది. ఆ కొనుగోలులో ముడుపులు ముట్టాయని 1987లో ఆరోపణ వచ్చింది. దేశమంతా గగ్గోలు పుట్టింది. 1989 ఎన్నికల్లో అదే పెద్ద మాట అయింది. తర్వాత పదేళ్లకు, 1999లో, కార్గిల్ కొండల మీద అవే ఫిరంగులు బాగా పనిచేశాయి. సరుకు మంచిదే కావచ్చు. అయినా కొన్న తీరు మీద లెక్క అడగాల్సిందే. రెండూ వేరు వేరు విషయాలు.

1991లో దేశానికి పెద్ద ఇబ్బంది వచ్చింది. విదేశాలకు కట్టాల్సిన డబ్బు చేతిలో లేదు. చమురు ధర పెరిగింది. అప్పులు పెరిగాయి. ప్రభుత్వం ఆదాయానికి మించి ఎన్నిటికో ఖర్చు పెట్టింది. వాటిలో రక్షణ ఒకటి. ఇంట్లో ఇబ్బంది వస్తే ఏం చేస్తాం? నగ కుదువ పెడతాం. దేశం కూడా అదే చేసింది. సుమారు 47 టన్నుల బంగారాన్ని విదేశీ బ్యాంకుల దగ్గర కుదువ పెట్టి అప్పు తెచ్చింది. తర్వాత ఆ అప్పు తీర్చింది. ఆ తర్వాతి ఏళ్లలో రక్షణ వాటా తగ్గించుకున్నారు. దేశ సంపాదన వందలో 3 రూపాయల లోపుకు వచ్చింది.

1999లో కార్గిల్ యుద్ధం వచ్చింది. 500 మందికి పైగా మన జవాన్లు చనిపోయారు. 1999-2000 బడ్జెట్‌లో రక్షణకు సుమారు 45,700 కోట్లు పెట్టారు. మరుసటి ఏడాదికి దాన్ని సుమారు 58,600 కోట్లకు పెంచారు.

2020 జూన్‌లో గల్వాన్ లోయలో చైనా సైనికులతో ఘర్షణ జరిగింది. మనవాళ్లు 20 మంది చనిపోయారు. వాళ్లలో సూర్యాపేటకు చెందిన కల్నల్ సంతోష్ బాబు ఒకరు.

ఒక సంగతి గమనించారా? యుద్ధం వస్తే ఖర్చు పెరుగుతుంది. యుద్ధం అయిపోయాక మళ్లీ పాత అంకెకు దిగదు.

2025-26 లెక్క

2025 ఫిబ్రవరి 1న ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ పార్లమెంటులో బడ్జెట్ చదివారు. అంతకు ముందు 2017 నుంచి 2019 దాకా ఆమె రక్షణ మంత్రిగా కూడా పనిచేశారు. ఆ బడ్జెట్‌లో రక్షణకు సుమారు 6 లక్షల 81 వేల కోట్లు పెట్టారు.

దేశంలో 140 కోట్ల మందికి పైగా ఉన్నాం. తలకు పంచి చూస్తే మనిషికి ఏడాదికి సుమారు 4,800 రూపాయలు. 1947 లెక్క తలకు 3 రూపాయల లోపే.

మరి ఖర్చు వేల రెట్లు పెరిగిందని గుండె బాదుకోవాలా? ఆగండి. అప్పటి రూపాయి వేరు, ఇప్పటి రూపాయి వేరు. ధరలు పెరిగాయి. జనం పెరిగారు. దేశ సంపాదన పెరిగింది. అందుకే వంద లెక్క చూడాలి.

కేంద్ర ప్రభుత్వం ఖర్చు వంద రూపాయలు అనుకుంటే రక్షణకు:
1947లో - 47 రూపాయలు
2025-26లో - 13 రూపాయల 45 పైసలు

దేశ సంపాదన వంద రూపాయలు అనుకుంటే రక్షణకు:
1950లలో - సుమారు 2 రూపాయలు
1963-64లో - దాదాపు 4 రూపాయలు
1980ల చివరలో - సుమారు 4 రూపాయలు
2025-26లో - సుమారు 2 రూపాయలు

రూపాయల్లో చూస్తే ఖర్చు కొండంత పెరిగింది. వాటాలో చూస్తే తగ్గింది. రెండు మాటలూ నిజమే. ఎవరైనా ఒక్క మాటే చెబితే రెండోది కూడా అడగాలి.

ఆ వంద రూపాయలు దేనికి పోతాయి?

2025-26లో రక్షణకు పెట్టిన డబ్బును వంద రూపాయలు అనుకుందాం.

46 రూపాయలు - జీతాలు, తిండి, బట్టలు, డీజిలు, మందుగుండు, మరమ్మతులు
26 రూపాయలు - కొత్త విమానాలు, ఓడలు, ఆయుధాలు
24 రూపాయలు - రిటైరయినవాళ్ల పింఛన్లు
4 రూపాయలు - ఇతర ఖర్చులు

కొత్తవి కొనడానికి మిగిలేది పావు వంతే. అవి చాలా ఖరీదు. 2022లో కొచ్చిలో నౌకాదళంలో చేరిన "విక్రాంత్" అనే ఓడకు సుమారు 20,000 కోట్లు అయింది. దాని మీద నుంచి విమానాలు ఎగురుతాయి. అది మన దేశంలోనే కట్టిన ఓడ. ఇక్కడే తయారు చేస్తే ఆ పని, ఆ కూలి మనవాళ్లకే దొరుకుతాయి. హైదరాబాదులో క్షిపణులు తయారు చేసే ఫ్యాక్టరీ ఉంది. వేలమంది అట్లాంటి పనుల మీద బతుకుతున్నారు.

పింఛన్ల సంగతి పల్లెలకు బాగా తెలుసు. పశ్చిమ గోదావరి జిల్లా తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం అనే ఊరు ఉంది. అందరూ "మిలిటరీ మాధవరం" అంటారు. తరతరాలుగా అక్కడి ఇళ్ల నుంచి సైన్యంలోకి వెళుతున్నారు. అట్లాంటి ఊళ్లలో సైనికుడి పింఛను ఇల్లు నిలబెడుతుంది. భర్త పోయిన ఆడమనిషికి కుటుంబ పింఛను ఆసరా అవుతుంది.

2022లో ప్రభుత్వం "అగ్నిపథ్" అనే కొత్త పద్ధతి తెచ్చింది. కుర్రవాళ్లను నాలుగేళ్లకు తీసుకుంటారు. నాలుగేళ్ల తర్వాత నలుగురిలో ఒకరిని ఉంచుకుంటారని చెప్పారు. మిగిలిన ముగ్గురూ సుమారు 11 లక్షల 70 వేల రూపాయలు తీసుకుని ఇంటికి వస్తారు. వాళ్లకు పింఛను ఉండదు. సైన్యంలో కుర్రతనం ఉండాలని, అందుకే తెచ్చామని ప్రభుత్వం అంది. పింఛన్ల బరువు తగ్గించుకోవడానికే తెచ్చారని మరికొందరన్నారు. ఉద్యోగం కోసం ఎదురు చూస్తున్న కుర్రవాళ్లు చాలాచోట్ల గొడవ చేశారు. సికింద్రాబాదు రైలు స్టేషన్‌లో కాల్పులు జరిగి ఒక యువకుడు చనిపోయాడు.

బడ్జెట్‌లో ఒక అంకె మారితే ఎక్కడో ఒక ఇంట్లో తల్లి లెక్క మారుతుంది. ఇది మరిచిపోకూడదు.

మరి చేనుకు ఎంత?

2025-26లో కేంద్ర ప్రభుత్వం ఖర్చు వంద రూపాయలు అనుకుందాం.

అప్పుల మీద వడ్డీకి - సుమారు 25 రూపాయలు
రక్షణకు - సుమారు 13 రూపాయలు
విద్యాశాఖకు - సుమారు రెండున్నర రూపాయలు
ఆరోగ్యశాఖకు - సుమారు 2 రూపాయలు

"చూశారా, బడికన్నా తుపాకికే ఎక్కువ" అని వెంటనే అనొచ్చు. కానీ ఒక మాట గుర్తు పెట్టుకోవాలి. బడి, ఆసుపత్రి ఎక్కువగా రాష్ట్ర ప్రభుత్వాల పని. వాటి ఖర్చులో పెద్ద భాగం రాష్ట్రాలే పెడతాయి. సైన్యం ఖర్చు మాత్రం కేంద్రమే పెడుతుంది. కాబట్టి కేంద్రం లెక్క ఒక్కటే చూసి తీర్పు చెప్పకూడదు.

ఇంకో సంగతి. అన్నిటికన్నా ఎక్కువ పోయేది వడ్డీకి. పొదుపు సంఘంలో ఉన్నవాళ్లకు ఇది చెప్పనక్కరలేదు. అప్పు పెరిగితే ఇంట్లో కూరకు కూడా కోత పడుతుంది. ప్రభుత్వానికీ అంతే.

అయినా ప్రశ్న మిగిలే ఉంది. ఊళ్లో ఆసుపత్రికి మందులు లేవంటే డబ్బు లేదంటారు. బడికి టీచరు లేదంటే డబ్బు లేదంటారు. ఉన్న డబ్బు ఎట్లా పంచారు? ఎవరు పంచారు? ఎవరిని అడిగి పంచారు?

కాపలా ఎవరు?

బడ్జెట్‌ను పార్లమెంటు ఆమోదించాలి. మనం ఓటు వేసి పంపిన ఎంపీలు అక్కడ ఉంటారు. డబ్బు ఖర్చయ్యాక లెక్క చూసే సంస్థ ఒకటి ఉంది. దాన్ని "కాగ్" అంటారు. కాగ్ నివేదికలను పార్లమెంటు ముందు పెడతారు.

సైన్యం విషయాల్లో కొన్ని రహస్యాలు ఉంటాయి. ఏ ఆయుధం ఎక్కడ ఉందో చెప్పరు. అది సబబే. కానీ రహస్యం పేరు చెప్పి దుబారాను దాచకూడదు. "కంచే చేను మేస్తే" అని మన పెద్దలు ఊరికే అనలేదు.

ఖర్చు తక్కువైతే 1962లో జవాను చలికి వణికాడు. ఖర్చు ఎక్కువైతే బడి, ఆసుపత్రి వెనకబడతాయి. ఎంత పెడితే సరిపోతుందో చెప్పే అంకె ఏదీ లేదు. దేశం కూర్చుని మాట్లాడుకుని తేల్చుకోవాలి. ఆ దేశంలో సగం మంది ఆడవాళ్లం. బిడ్డను సైన్యానికి పంపేదీ మనమే. బిడ్డను బడికి పంపేదీ మనమే. కాబట్టి ఆ మాటల్లో మన మాట ఉండాలి. ఇప్పుడు చదవడం వచ్చింది. అంకెలు వచ్చాయి. పేపర్లో "రక్షణకు ఇన్ని లక్షల కోట్లు" అని కనబడితే పేజీ తిప్పేయకండి. "వందకు ఎంత?" అని లెక్క వేయండి.

కొత్త మాటలు

బడ్జెట్ - ఏడాది రాబడి, ఖర్చుల లెక్క
శాతం - వందకు ఎంత అనే లెక్క
వాటా - మొత్తంలో ఒకరికి వచ్చే భాగం
ఆంక్ష - ఇంతవరకే అని పెట్టిన అడ్డు
దుబారా - అనవసరపు ఖర్చు

లెక్క చేద్దాం

1. రక్షణకు పెట్టిన 100 రూపాయల్లో జీతాలు, తిండి మొదలైన వాటికి 46, పింఛన్లకు 24. రెండూ కలిపి ఎంత?
2. 1947లో కేంద్రం ఖర్చు వందలో రక్షణకు 47. మిగతా పనులకు ఎంత మిగిలింది?
3. మీ ఇంటి నెల ఖర్చు రాయండి. తిండికి, బడికి, మందులకు, వడ్డీకి ఎంతెంత? వందలోకి మార్చి చూడండి.

మాట్లాడుకుందాం

1. మీ ఊళ్లో సైన్యంలో పనిచేసినవాళ్లు ఉన్నారా? వాళ్ల ఇంట్లో ఆడవాళ్లను అడగండి. ఆ ఉద్యోగం వల్ల వాళ్లకు వచ్చిన మేలేమిటి? పడిన కష్టమేమిటి?
2. 1962లో ఆడవాళ్లు నగలు ఎందుకు ఇచ్చారు? ఇచ్చినదానికి లెక్క అడిగే హక్కు వాళ్లకు ఉందా?
3. మీ చేతికి వంద రూపాయలు ఇచ్చి దేశం లెక్క వేయమంటే కంచెకెంత పెడతారు? చేనుకెంత పెడతారు? ఎందుకు?